తగ్గింపు ఎవరికి?

మా పల్లె గుళ్ళో నేను విన్న ప్రసంగాల్లో సగానికి పైగా తగ్గింపు గురించే. తగ్గి ఉండండి, ఎదురు మాట్లాడకండి, తగ్గిన కొద్దీ దేవుడు లేపుతాడు అని అయ్యగారు చెప్తుంటే ఆడోళ్ళు తలకాయలూపుతూ వినేవాళ్ళు. సోమవారం నుంచి శనివారం దాకా మాయమ్మ కామందు చేలో నడుం వంచి నాటేసేది. కలుపు తీసేది. కోత కోసేది. కోతలయ్యాక అదే చేలో రాలిన కంకులు ఏరడానికి మళ్ళీ వంగేది. ఆదివారం ఒక్కరోజే ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, నిటారుగా కూర్చునేది. ఆ ఒక్కరోజూ ఇంకా వంగమనేవాళ్ళు.

మా నాయన ఊళ్ళోకి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. తలగుడ్డ తీసి నడుముకి కట్టుకునేవాడు. పాతికేళ్ళు నిండని కామందు కొడుకు 'ఏరా' అంటే యాభై ఏళ్ళ మా నాయన 'అయ్యా' అనేవాడు. వారం పొడుగునా ఇంత తగ్గినోడికి ఆదివారం పొద్దున తగ్గింపు పాఠం దేనికి? ఈ ప్రశ్న నాకు పదేళ్ళప్పుడే పుట్టింది. అడిగితే గర్విష్ఠి అన్నారు. యాభై ఏళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను విశ్వాసం వదిలేసినవాణ్ణి కాదు. ఇవాళ్టికీ ప్రార్థన చేసుకునే పడుకుంటాను. హాస్టల్లో నా విప్లవ మిత్రులు 'ఇంకా ఆ మత్తుమందు దిగలేదా' అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో న్యాయం కొంతే ఉంది. వాళ్ళకి గుడి పైనుంచి కనపడే శిలువ తెలుసు, గుళ్ళో చాప మీద కూర్చున్న మాయమ్మ తెలియదు. అటు ప్రసంగవేదిక మీది అయ్యగారికీ తెలియదు. నా తగాదా ఇద్దరితోనూ.

మా ముత్తాత కాలంలో మా పల్లెలోకి విశ్వాసం వచ్చింది. 1842లో హేయర్ అనే దొర గుంటూరొచ్చి లూథరన్ మిషను పెట్టాడు. తర్వాత రెండు పదులేళ్ళు దాటాక ఒంగోలుకి క్లౌ దొర వచ్చాడు. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తనంతట తానే వెతుక్కుంటూ ఈ దారిలోకి వస్తున్నాడు. దొరలు మనల్ని ఉద్ధరించారనే కథ చెప్పేవాళ్ళు ఈయన పేరు ఎందుకో మర్చిపోతారు. ఒంగోల్లో పెద్దకులాల వాళ్ళు క్లౌతో, ఈ మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని నీ బడికి పంపమన్నారు. ఆ దొరా దొరసానీ ఆ రాత్రి వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకే చోటు తగిలిందట. లోకం పనికిరారని తోసేసిన వాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే చోటు. వాళ్ళు మాదిగల పక్షానే నిలబడ్డారు. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. 1876-78 కరువులో ఇదే క్లౌ బకింగ్‌హాం కాలవలో కాంట్రాక్టు పని తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు పని నడిచినన్నాళ్ళూ బువ్వ కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో మునిగి లేచారు.

ఆ దొరలు నాకు దేవుళ్ళేం కాదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ళ దగ్గర తగ్గింపు అంటే పైనున్నవాడు దిగి రావడం. తాను నష్టపోయి కిందివాడి పక్కన నిలబడటం. మా అయ్యగార్ల చేతికొచ్చేసరికి అది కిందివాడు ఇంకా కిందికి పోవడం అయింది. మధ్యలో ఏం జరిగింది?

జరిగింది కులం. గుంటూరు చుట్టూ లూథరన్ మిషనులోకి ఎక్కువగా మాలలు పోయారు. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు మిషనులోకి ఎక్కువగా మాదిగలు పోయారు. చిలకరించే బాప్తిస్మమా ముంచే బాప్తిస్మమా అని మావాళ్ళు తిట్టుకుంటుంటే నేను చిన్నప్పుడు అది వేదాంతం తగాదా అనుకునేవాణ్ణి. అది వేదాంతం కాదు, వాడలు. నేను మాలపల్లెలో పుట్టాను. మా గుడి ఏ మిషనుదో రాయను, పేరు మారిస్తే చాలా గుళ్ళ కథ ఇదే. మా పల్లెకీ మాదిగపల్లెకీ మధ్య ఒక బాట, ఒక పంటబోదె. వాళ్ళకో పాక గుడి, మాకో మిద్దె గుడి. ఊరు మమ్మల్ని ఎట్టా చూసేదో రాయమంటే నా చెయ్యి ఆగదు. మేం మాదిగపల్లెని ఎట్టా చూసేవాళ్ళమో రాయాలంటే ఆగుతుంది. అయినా రాస్తాను.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమని మింగిన తుపాను. మేం రేపల్లె వైపు, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్నాం కాబట్టి ఉప్పెన మా దాకా రాలేదు. గాలీ వానా వచ్చాయి. సాయంత్రానికి మా పల్లెలో ఒక్క పాక మీద కప్పు లేదు. అందరం గుళ్ళోకి చేరాం. మా నాయన సంఘపెద్ద. గుడి తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఊళ్ళో వంగి నడిచే మనిషి ఆ తాళంచెవి వల్ల గుడి మెట్ల మీద నిటారుగా నిలబడేవాడు. ఆయనకున్న అధికారమల్లా అదొక్కటే.

చీకటి పడ్డాక తలుపు మీద బాదారు. మాదిగపల్లె వాళ్ళు. వాళ్ళది ఇంకా పల్లం, మోకాళ్ళ పైకి నీళ్ళు. ముసలోళ్ళని భుజాన వేసుకుని, పిల్లల మీద గోనెపట్టాలు కప్పుకుని వచ్చారు. మా నాయన తలుపు సందులోంచి 'జాగా లేదు, నిండిపోయింది' అన్నాడు.

క్రిస్మస్‌కి మా పిల్లలం ఆడే నాటకంలో సత్రం యజమాని చెప్పే మాట అదే. ఆ ఏడు ఆ వేషం నాకిచ్చారు. పది రోజుల్నుంచీ బట్టీ పడుతున్నాను.

మా నాయన చెడ్డవాడు కాదు. ఆకలిగొన్నవాణ్ణి ఒట్టి చేతుల్తో పంపిన మనిషి కాదు. ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు, ఆయన తాతల నోట్లోంచి వచ్చింది. మాయమ్మ లేచింది. బైబిలు వాక్యం చెప్పలేదు, ఆమెకి చదువు రాదు. 'అడ్డం లెయ్యయ్యా, పిల్లలు తడుస్తుండారు' అంది. ఆయన కదల్లేదు. ఆయన చంక కిందనుంచి చెయ్యి పెట్టి గడియ లాగింది. గాలికి తలుపే తెరుచుకుంది.

ఆ రాత్రి ఆ గుళ్ళో రెండు పల్లెలూ కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. ఎవరి ఒళ్ళో ఎవరి పిల్ల ఉందో తెలియదు. నా ఒళ్ళోకి ఆరేళ్ళ పిల్లోడొకడు వచ్చి పడ్డాడు, తెల్లారేదాకా నా చొక్కా వదల్లేదు. వాడి సంగతి మళ్ళీ చెప్తా.

తెల్లారితే ఆదివారం. ఆరాధన లేదు, ఆకలి ఉంది. గుళ్ళో ఒక మూల పిడికెడు బియ్యం కుండ ఉండేది. మా ఆడోళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. వారం వారం కుండలో పోసేవాళ్ళు. అది అమ్మి అయ్యగారికి జీతం ఇచ్చేవాళ్ళం. ఇంట్లో పస్తున్నా ఆ పిడికెడు ఆగేది కాదు. మాయమ్మ ఆ కుండ మూత తీసింది. 'దేవుడి బియ్యమే అవి' అని ఒక పెద్దాయన అడ్డమొస్తే 'దేవుడి పిల్లలకేగా' అని జావ కాచింది. అందరం ఒకే బానలోంచి ముంచుకుని తాగాం. మా పల్లె చరిత్రలో మాలలూ మాదిగలూ కలిసి తిన్న మొదటి భోజనం అదే అనుకుంటాను. తుపాను పెట్టించిన భోజనం.

నెల తిరగ్గానే క్రిస్మస్. మాదిగపల్లె పాక గుడి గాలికి కొట్టుకుపోయింది కాబట్టి వాళ్ళు మా గుడికే వచ్చారు. వెనకాల కూర్చున్నారు. కూర్చోమన్నది మేమే. ప్రభు సంస్కారం వేళకి మా పెద్దలు అయ్యగారి చెవిలో గుసగుసలాడారు. అయ్యగారు సమాధానం కోరే మనిషి. సమాధానం కోసం ఒక దారి చూపించాడు. ముందు మనవాళ్ళు, తర్వాత వాళ్ళు. గిన్నె ఒకటే, వరస వేరు. మనవాళ్ళ తర్వాత గిన్నె వాళ్ళ దగ్గరికి పోతుంది గానీ వాళ్ళ నోటి గిన్నె మన దగ్గరికి రాదు. ఎంత తెలివి చూడండి! మనువు కూడా క్రైస్తవుడై ఉంటే ఇంతకంటే బాగా చెయ్యలేడు.

మాయమ్మ మొదటి వరసలో లేచి నిలబడింది. ఒక క్షణం ఆగింది. వెనక్కి తిరిగి, గుడి పొడుగునా నడిచి, పోయి మాదిగ ఆడోళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళ వరస వచ్చినప్పుడు వాళ్ళతో వచ్చి మోకరించింది. ఒక్క మాట లేదు. మా నాయన నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. వేసవికి వాళ్ళ గుడి వాళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా గుళ్ళో రెండో వరస లేదు. అయినా ఆమె బతికినంత కాలం సంస్కారానికి అందరూ తీసుకున్నాక, ఆఖరున, ఒక్కతే లేచి పోయేది. కొత్త అయ్యగార్లు ఎందుకమ్మా అని అడిగితే 'నాకంతే బాబూ' అనేది. నాకు మాత్రం ఒకసారి చెప్పింది: 'ఒరే అబ్బయ్యా, వాళ్ళని ఆపి నేను ముందు తింటే నాకు గొంతు దిగదురా.'

నేను తర్వాత చదువుకున్నాను. కొరింథులో ఉన్నోళ్ళు ముందే వచ్చి తినేసి, లేనోళ్ళు వచ్చేసరికి ఖాళీ గిన్నెలు చూపిస్తే, మీరు తింటున్నది ప్రభువు భోజనం కాదని పౌలు చీవాట్లు పెట్టాడు. మాయమ్మ పౌలుని చదవలేదు. మా అయ్యగారు చదివాడు.

తగ్గింపంటే ఏంటో నేను ఆ క్రిస్మస్ రోజు చూశాను. క్రీస్తు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడంటే ఆయన గురువు. కడిగించుకునేవాళ్ళు శిష్యులు. గురువు వంగితే తగ్గింపు. రోజూ కాళ్ళు కడిగేవాడు వంగితే దాని పేరు వెట్టి. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడమే మన గుళ్ళల్లో జరుగుతున్న మోసం. మాయమ్మకి ఊరి ముందు తగ్గడానికి ఇంకేం మిగల్లేదు. కానీ మాదిగపల్లె ముందు ఆమె మాలామె. అక్కడ ఆమెకి దిగడానికి ఒక మెట్టుంది. ఆ మెట్టు దిగింది. మా నాయన దిగలేకపోయాడు, ఎందుకంటే ఆయనకి లోకంలో ఉన్న మెట్టు అదొక్కటే.

1985 జులై 17. కారంచేడు. నేనప్పుడు గుంటూర్లో చదువుకుంటున్నా. కమ్మోళ్ళ కుర్రోళ్ళు కుడితి బకెట్లు మంచినీళ్ళ చెరువులో కడుగుతుంటే కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు, అతన్ని కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ అడిగింది. ఆమె మీదికీ వస్తే బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినోళ్ళు పారిపోయి చీరాల చేరారు. చర్చి ఆవరణలో శిబిరం పెట్టారు. మేం నలుగురం కుర్రోళ్ళం బియ్యం, పాత బట్టలు మోసుకుని పోయాం. ఆ శిబిరంలోనే నాకు తెలిసింది, గుడి ఆవరణ దేనికి పనికొస్తుందో. తుపాను రాత్రి మాయమ్మ తీసిన తలుపు లాంటిదే అది.

ఆ తర్వాతి ఆదివారం గుంటూర్లో ఒక గుళ్ళో కూర్చున్నా. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమన్న వాక్యం మీద ప్రసంగం. కారంచేడు పేరెత్తలేదు, ఎత్తకుండానే అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. బిందె ఎత్తకపోతే బాగుండేది అని దాని సారం. నేను లేచి బయటికొచ్చేశాను. ఆ ప్రసంగీకుడికి ఇప్పుడైనా ఒక మాట చెప్పాలి. అయ్యా, క్రీస్తుని ప్రధానయాజకుడి దగ్గర నిలబెట్టినప్పుడు ఒక బంట్రోతు చెంప మీద కొట్టాడు. అప్పుడు క్రీస్తు రెండో చెంప చూపించలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. యోహాను సువార్త 18వ అధ్యాయం. మీ బైబిల్లో ఆ పేజీ చిరిగిపోయిందా? సువార్తమ్మ చేసింది అంతే. ఎందుకు మురికి చేస్తున్నావు అని అడిగింది. ఆమె బిందె తనకోసం ఒక్కదానికోసం ఎత్తలేదు. ఆ చెరువు నీళ్ళు తాగే పిల్లలందరి కోసం ఎత్తింది. ప్రేమంటే మీకు గిటారు పాట. మాకు మంచినీళ్ళు.

ఆ పేర్లు చూడండి. సువార్త. మోషే. తర్వాత సాక్ష్యం చెప్పాల్సి ఉండి హత్యకి గురైన అలీసమ్మ. బైబిలు పేర్లు పెట్టుకుని దెబ్బలు తిన్నవాళ్ళ, చచ్చిపోయినవాళ్ళ గురించి బైబిలు పట్టుకున్నవాడు నోరు మెదపకపోవడాన్ని తగ్గింపు అనను. దాన్ని మా పల్లెలో భయం అంటారు.

ఆరేళ్ళకి చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైన గొడవ. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఎవరి కాలు ఎవరికి తగలొచ్చో తేల్చే దేశంలో కాళ్ళు కడిగిన దేవుణ్ణి నమ్ముకున్నాం మేం. అప్పుడు వినిపించిన మాట క్షమించండి అని. నేను క్షమాపణకి వ్యతిరేకిని కాదు. కానీ అడిగినవాడు ఎవడు? తప్పు ఒప్పుకున్నవాడు ఎవడు? 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తప్పే జరగలేదని తేలినచోట విధవలైన ఆడోళ్ళు ఎవర్ని క్షమించాలి? కాలవనా?

ఇంకొక సంగతి. ఇది చెప్పడానికి సిగ్గు. నాకు రెండు పేర్లు. గుళ్ళో ఒకటి, సర్టిఫికెట్టులో ఒకటి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడు దళితుడు కాదు. 1956లో సిక్కుల్ని కలిపారు. 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింల్నీ బయటే ఉంచారు. మా రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సి అని ఒక్క శాతంలో పెట్టారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ షరతు తీసెయ్యమంది. 2022లో కేంద్రం ఇంకో కమిషన్ వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైనవాడికి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. క్రైస్తవంలో కులం లేదు కదా అని. ఆ మాట చదివినప్పుడు నాకు మా గుళ్ళో రెండు వరసలు గుర్తొచ్చాయి. పేపర్లో పెళ్ళి ప్రకటనలు గుర్తొచ్చాయి. కమ్మ క్రిస్టియన్ వధువు, రెడ్డి క్రిస్టియన్ వరుడు. వాళ్ళు మారినా కులం వెంట వచ్చింది, మా మీద దెబ్బా వెంట వచ్చింది, చట్టం ఒక్కటే వెంట రాలేదు.

1979లో తాలూకా ఆఫీసుకి సర్టిఫికెట్టు కోసం మా నాయనా అమ్మా నన్ను తీసుకుపోయారు. గుమాస్తా మాయమ్మ మొహం చూసి 'బొట్టు లేదే?' అన్నాడు. మా నాయన 'హిందువులమే బాబూ, ఒంట్లో బాగాలేక పెట్టుకోలా' అన్నాడు. మాయమ్మ నేల చూసింది. జీవితంలో అబద్ధం ఆడని మనిషి. ఆ రాత్రి ప్రార్థనలో ఏడ్చింది. నా చదువు, ఉద్యోగం, ఇప్పుడీ రాత, అన్నీ ఆ ఏడుపు మీద నిలబడి ఉన్నాయి. వేదిక మీది నుంచి కొందరు 'సర్టిఫికెట్టు కోసం క్రీస్తుని అమ్ముకున్నారు' అంటారు. ఆ మాట అనేవాళ్ళలో తన పిల్లల చదువుకి ఈ బాధ పడనివాళ్ళే ఎక్కువ. అబద్ధం ఆడించిన చట్టాన్ని వదిలేసి, ఆడిన తల్లిని తప్పు పట్టడం ఏం ప్రేమ? అంబేద్కర్ క్రైస్తవం గురించి రాస్తూ, మతం మారిన అంటరానివాడికి చర్చి ఏం చేసిందని గట్టిగానే అడిగాడు. ఆ ప్రశ్న ఇంకా మన గుమ్మంలోనే కూర్చుని ఉంది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు. కానీ నా వంతు మిగిలి ఉంది.

1994 జులైలో ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. రిజర్వేషన్లు వర్గీకరించాలని అడిగారు. నేనప్పుడు ఉపాధ్యాయుణ్ణి. తుపాను రాత్రి నా చొక్కా పట్టుకుని నిద్రపోయిన ఆ పిల్లోడు చదువుకుని అదే బడికి టీచరుగా వచ్చాడు. నన్ను అన్నా అనేవాడు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ గిన్నెల దగ్గర 'అన్నా, నువ్వు దీనికేమంటావు?' అన్నాడు. నేను వెంటనే, 'తమ్ముడూ, ఇది మనల్ని చీల్చడానికి పెద్దకులాలు పన్నిన ఎత్తు. క్రీస్తులో మనమంతా ఒకటి, అంబేద్కర్‌లో మనమంతా ఒకటి' అన్నాను. గొంతులో ఎంతో ప్రేమ పలికింది. అప్పుడప్పుడే నాకు ప్రసంగాలు అలవాటయ్యాయి.

వాడు గిన్నె మూత పెట్టేశాడు. 'గిన్నె పంచుకునేటప్పుడు రెండు వరసలు, ఉద్యోగాలు పంచమనేసరికి ఒక్కటయ్యామా అన్నా?' అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఏంటో నాకు తెలుసు, 'ఏరా' అంటే 'ఏం' అన్న పాలేరుని చూసినప్పుడు కామందుకొచ్చే కోపం. ఇంటికి పోయి మాయమ్మకి చెప్పాను, వాడికి పొగరెక్కిందని. ఆమె అప్పటికి చూపు మందగించింది. బియ్యంలో రాళ్ళు తడిమి ఏరుతోంది. 'మీ నాయన తలుపు కాడ నిలబడ్డప్పుడు నువ్వు నాకేసి చూశావు. ఇప్పుడు నువ్వే నిలబడ్డావే' అంది.

వర్గీకరణ మీద నా వాదనలు నాకున్నాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. ఆ రోజు మా మాల ఉద్యోగుల సభలో నేను మాట్లాడాల్సి ఉంది, మాట్లాడలేదు. చాలామంది వెన్నుపోటు అన్నారు. నాది వెన్నుపోటో కాదో వాళ్ళే తేల్చుకోవాలి. వాదన తప్పో ఒప్పో అటుంచండి. తలుపు దగ్గర అడ్డం నిలబడి 'మనమంతా ఒకటే' అని ఎవడూ అనకూడదు. ముందు అడ్డం లేవాలి. తర్వాత మాట్లాడాలి. నేను ముప్పై ఏళ్ళు తీసుకున్నాను. ఆ తమ్ముడి దగ్గరికి పోయి నేను ఆ రోజు అన్నది తప్పని చెప్పడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. ఎవరైనా తగ్గింపు తేలిక అంటే నమ్మకండి. వాడు ఏమీ అనలేదు. టీ చెప్పాడు. డబ్బులు నేనిస్తానంటే ఇవ్వనివ్వలేదు.

కుర్రోళ్ళు నన్ను అడుగుతుంటారు, ఈ మతంతో నీకింకా పనేంటి, పోరాటానికి ప్రేమ అడ్డం కదా అని. ఎవరి ప్రేమ అడ్డం? నేను చూసిన ప్రేమ తలుపు గడియ లాగింది. దేవుడి బియ్యం కుండ మూత తీసింది. మొగుడి కోపానికి, సంఘం మాటకి వెరవకుండా గుడి పొడుగునా నడిచింది. ఏ మహాసభా ఏ పార్టీ ఆమెకి చెప్పలేదు. ఆమె జీవితంలో ఒక్క నినాదం ఇవ్వలేదు. మన సభల్లో మాట్లాడే మగాళ్ళలో, నాతో సహా, సొంత వాడలో సొంత వరసలోంచి లేచి వెనక్కి నడిచినవాళ్ళు ఎంతమంది? ఊరికి ఎదురు నిలబడటం కష్టమే. కానీ అక్కడ పది మంది వెనకుంటారు. సొంత వరసలోంచి లేచేటప్పుడు ఎవరూ ఉండరు.

మాయమ్మ 2009లో పోయింది. మా సమాధుల దొడ్డీ మాదిగపల్లె సమాధుల దొడ్డీ పక్కపక్కనే ఉంటాయి. మధ్య ముళ్ళకంచె. మొదట్లో తుమ్మకంప, తర్వాత సంఘం డబ్బుతో రాతి స్తంభాలు పాతి ముళ్ళతీగ కట్టారు. పోయేముందు ఆమె ఒకటే అడిగింది, నన్ను కంచె పక్కన పెట్టండ్రా అని. కంచె ఒరుసుకుని గొయ్యి తవ్వాలంటే స్తంభాలు అడ్డమొచ్చాయి. మూడు స్తంభాలు పీకాం. తవ్వడానికి మాదిగపల్లె నుంచి ఆ తమ్ముడూ, ఇంకో నలుగురూ వచ్చారు. మాదిగ ముసలామె ఒకామె, తుపాను రాత్రి భుజాన మోసుకొచ్చిన ముసలమ్మ కోడలు, పెట్టెలో పెట్టేముందు మాయమ్మ కాళ్ళు కడిగింది. మావాళ్ళలో కొందరు మొహం తిప్పుకున్నారు.

స్తంభాలు తిరిగి పాతమని సంఘ కమిటీ నాకు ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాసింది. ఆఖరిదాంట్లో, సహోదరుడు తగ్గింపు కలిగి సంఘ తీర్మానానికి లోబడాలని ఉంది. ఆ ఉత్తరం ఈ కాగితాల కిందే ఉంది. స్తంభాలు మా ఇంటి వెనక దొడ్లో పడున్నాయి. కోళ్ళు వాటి మీద ఎక్కి కూర్చుంటున్నాయి.